నానో రేణువులు మూలకణాలను నిజంగానే ఎముక కణాలుగా మారుస్తాయా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. ఎముక మజ్జ నుంచి వేరుచేసిన మానవ మెసెంకైమల్ మూలకణాలకు (ఎముక, కొవ్వు, మృదులాస్థి కణాలుగా మారగల కణాలకు), ఎముకవైపు నడిపించే మీడియంలో (కణాలను పెంచే పోషక ద్రవంలో) సుమారు 20 నానోమీటర్ల బంగారు రేణువులు కలిపి ఇచ్చారు. ఎముకవైపు నడకకు తొలి గుర్తుగా చూసే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ చర్య 7వ రోజున కంట్రోల్ (రేణువులు ఇవ్వని గుంపు) కంటే ఎక్కువగా కనిపించింది. 21వ రోజున, కాల్షియానికి పట్టే ఆలిజరిన్ రెడ్ రంగు ముదురుగా పట్టింది. దీన్నిబట్టి నానో పదార్థమే కణ విభేదనాన్ని (మూలకణం ఒక ప్రత్యేక రకం కణంగా మారడాన్ని) నిర్దేశించిందని వ్యాసంలో రాయవచ్చా, రాస్తే అది ఏ దారిన జరిగిందని చెప్పాలి అని అడిగారు.

నానో పదార్థాలు కణ విభేదనాన్ని మార్చగలవు, ఆ విషయంలో నాకు సందేహం లేదు. కానీ మీ దగ్గరున్న ఈ రెండు ఫలితాలతో ఆ మాట రాయడానికి ఇంకా వీలు లేదు. మీ మీడియంలో డెక్సామెథసోన్, ఆస్కార్బిక్ ఆమ్లం, బీటా గ్లిసరోఫాస్ఫేట్ అనే ఎముకవైపు నడిపించే మందులు మూడూ ఉన్నాయి కనుక, రేణువులు ఒక్కటి కూడా వేయకపోయినా ఆ కణాలు ఎముకవైపే వెళతాయి. ఇప్పటికే ఆ దారిన పోతున్న కణాన్ని తొందరపెట్టడం ఒక సంగతి, ఏ దారీ పట్టని కణాన్ని ఒక దారికి మళ్ళించడం మరో సంగతి. మీ ఫలితాలు మొదటిదాన్ని సూచిస్తున్నాయి, రెండోదాన్ని పరీక్షించనే లేదు. పైగా ఆ మొదటిదైనా రేణువు వల్లే జరిగిందా, రేణువును అంటిపెట్టుకుని వచ్చిన మరొకదాని వల్ల జరిగిందా అన్నది తేలలేదు. 16 ఏళ్ళుగా ఈ పనిలో ఉండి నేను చూసిన తప్పుడు తీర్మానాల్లో ఎక్కువ భాగం ఈ ఆఖరి తేడాను పట్టించుకోకపోవడం వల్ల వచ్చినవే.

ముందుకు వెళ్ళేముందు మాటల విషయం ఒకటి. తెలుగులో జీవకణాన్నీ కణమే అంటాం, పదార్థపు తునకనూ కణమే అంటాం. ఈ సమాధానంలో కణం అంటే జీవకణమే. నానో పదార్థపు తునకను రేణువు అని రాస్తున్నాను.

కణానికి ఎదురుపడేది మీరు తయారుచేసిన రేణువు కాదు, మీడియంలో పడ్డాక ఆ రేణువు ఏమైందో అది. సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఉన్న మీడియంలో ఏ నానో రేణువును వేసినా క్షణాల్లో దాని ఉపరితలం మీద ఆల్బుమిన్, ఫైబ్రోనెక్టిన్ వంటి ప్రోటీన్లు పేరుకుంటాయి. దీన్నే ప్రోటీన్ కరోనా అంటున్నాం. కణం మీది గ్రాహకాలు చాలామటుకు ఈ పొరనే తాకుతాయి, లోపలి లోహాన్ని కాదు. ఏ ప్రోటీన్ ఎంత అంటుకుంది, అంటుకున్నాక తన ఆకృతిని నిలుపుకుందా లేక విప్పుకుపోయిందా అన్నవి రేణువు పరిమాణం, వంపు, విద్యుదావేశం, పైనున్న రసాయనాన్ని బట్టి మారిపోతాయి. సీరం బ్యాచ్ మారితే కూడా మారతాయి.

దీన్ని నేను కళ్ళారా చూసిన సందర్భం ఒకటుంది. మా ల్యాబ్‌లో ఇద్దరు విద్యార్థులు ఒకే సీసాలోని సిట్రేట్ పూత ఉన్న బంగారాన్ని, ఒకే దాత నుంచి వచ్చిన కణాలకు, ఒకే మోతాదులో ఇచ్చారు. ఒకరికి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగింది, మరొకరికి తేడా ఏమీ రాలేదు. నెల రోజులు లెక్కలు తిరగేశాం, ప్రైమర్లు (జన్యువులను కొలవడానికి వాడే చిన్న డీఎన్ఏ తునకలు) మార్చాం. చివరికి ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి మొదటి నుంచి చేయించాను. మొదటి అమ్మాయి బంగారాన్ని నేరుగా 10 శాతం సీరం ఉన్న మీడియంలో కలిపింది. ట్యూబులో ద్రావణం కెంపు రంగులోనే నిలిచింది. రెండో అబ్బాయి ముందు సీరం లేని మీడియంలో కలిపి, ఆ తర్వాత సీరం చేర్చాడు. ఆ మధ్యలో ఉన్న కొద్ది నిమిషాల్లోనే కెంపు రంగు ఊదాగా తిరిగి, అంచుల్లో నీలం కనిపించింది. మీడియంలోని లవణాలు సిట్రేట్ ఇచ్చే రక్షణను కమ్మేయడంతో రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కట్టాయి, తర్వాత వచ్చిన సీరం ఆ గుంపులనే చుట్టుకుంది. అంటే ఒకరు 20 నానోమీటర్ల విడి రేణువులను పరీక్షించారు, మరొకరు వందల నానోమీటర్ల ముద్దలను పరీక్షించారు. నోట్‌బుక్కుల్లో మాత్రం ఇద్దరూ 20 నానోమీటర్లనే రాసుకున్నారు. మీరు ఏ వరుసలో కలిపారో మీ ప్రశ్నలో లేదు. దయచేసి మొదట అది చూసుకోండి, మీరు వాడే మీడియంలోనే 24 గంటల తర్వాత రేణువుల పరిమాణం కొలవండి.

ముద్దలు కట్టినవి అడుగుకు దిగుతాయి, కణాలు ఉన్నది కూడా అడుగునే. కాబట్టి మిల్లీలీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు అని మనం రాసే మోతాదుకూ, కణం మీద నిజంగా పడిన మోతాదుకూ పొంతన ఉండకపోవచ్చు. వెల్‌లో (కణాలు పెంచే ప్లేటులోని చిన్న అరలో) మీడియం ఎత్తు మారినా ఇది మారుతుంది. వీలైతే ఐసీపీ-ఎంఎస్‌తో (అతి కొద్ది లోహాన్ని కూడా కొలిచే పరికరంతో) ఒక్కో కణంలోకి ఎంత బంగారం చేరిందో కొలిచి ఆ అంకె ఇవ్వండి. పోల్చడానికి పనికివచ్చేది అదే.

ఇక మీ రెండో ప్రశ్న, ఏ దారిన అన్నది. ఇందులో అన్నిటికంటే బలమైన ఆధారాలు తేలియాడే రేణువుల నుంచి కాక, నానో స్థాయిలో తీర్చిన ఉపరితలాల నుంచి వచ్చాయి. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో మాథ్యూ డాల్బీ బృందం 2007లో ప్రచురించిన పనిని ఉదాహరణగా తీసుకోండి. ప్లాస్టిక్ మీద 120 నానోమీటర్ల వ్యాసం, 100 నానోమీటర్ల లోతు ఉన్న గుంటలను సగటున 300 నానోమీటర్ల ఎడంతో అచ్చుపోశారు. గుంటలు కచ్చితమైన చదరపు గడుల్లో ఉన్నప్పుడు మూలకణాలు ఎముకవైపు పెద్దగా కదలలేదు. ఒక్కో గుంటను తన చోటు నుంచి 50 నానోమీటర్ల లోపు అటూ ఇటూ జరిపి వరుసను కొద్దిగా చెదరగొట్టినప్పుడు, ఎముకవైపు నడిపించే మందులేవీ ఇవ్వకుండానే కణాలు ఎముక ఖనిజాన్ని వేశాయి. 2011లో అదే బృందం, చెదరని చదరపు అమరిక మీద మూలకణాలు 8 వారాల వరకూ తమ మూలకణ గుణాన్ని నిలుపుకున్నాయని చూపింది. పదార్థం ఒకటే, రసాయనం ఒకటే, గుంట ఒకటే, అమరికలో మాత్రమే తేడా. దిశను మళ్ళించడం అన్న మాటను నేను నమ్మకంగా వాడేది ఇలాంటి ప్రయోగం విషయంలోనే.

ఇది ఎలా సాధ్యమంటే, కణం తాను నిలుచున్న చోటును ఇంటెగ్రిన్ గ్రాహకాలతో తడిమి చూస్తుంది. ఒక్కో ఇంటెగ్రిన్ తల సుమారు 10 నానోమీటర్లు. అవి దగ్గరదగ్గరగా గుమిగూడితేనే కణం గట్టిగా పట్టు బిగించగలదు. వాటికి పట్టు దొరికే చుక్కల మధ్య ఎడం సుమారు 70 నానోమీటర్లు దాటితే ఆ గుంపులు సరిగా కట్టవని ప్రయోగాలు చూపాయి. పట్టు బిగిసినచోట కణం లోపలి ఆక్టిన్ తంతువులు లాగడం మొదలుపెడతాయి, ఆ లాగుడు కేంద్రకం దాకా చేరుతుంది. జన్యువుల పనిని నియంత్రించే యాప్, టాజ్ అనే రెండు ప్రోటీన్లు కేంద్రకంలోకి వెళ్ళడం, బయటే ఉండిపోవడం ఈ బిగువును బట్టే ఉంటుందని 2011లో తేలింది. అంతకుముందే, 2004లో, మూలకణాన్ని చిన్న చుక్క మీద గుండ్రంగా ఉంచితే కొవ్వు కణంవైపు, పెద్ద చుక్క మీద విప్పారనిస్తే ఎముకవైపు వెళుతుందని చూపారు. 2006లో ఆడమ్ ఎంగ్లర్, డెన్నిస్ డిషర్ తదితరులు, 1 కిలోపాస్కల్ లోపు మెత్తని జెల్ మీద నాడీకణ లక్షణాలు, 8 నుంచి 17 కిలోపాస్కల్ల మధ్య కండర లక్షణాలు, 25 నుంచి 40 మధ్య ఎముక లక్షణాలు కనిపిస్తాయని చూపారు. నానో ఉపరితలం చేసే పని కూడా చాలావరకు ఈ యంత్రాంగం గుండానే సాగుతుంది. కణం ఎక్కడ ఎంత పట్టు దొరుకుతుందో అంత విప్పారుతుంది, ఎంత విప్పారితే లోపల అంత బిగువు పుడుతుంది.

ఇంత చెప్పాక, ఇదంతా ఒక అంకెకు లొంగే విషయమని మాత్రం అనుకోవద్దు. టైటానియం డయాక్సైడ్ నానో గొట్టాల మీద వచ్చిన రెండు ఫలితాలను నేను కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ చదవమని ఇస్తాను. 2007లో ఒక బృందం ఎలుక మూలకణాలతో పనిచేసి, 15 నానోమీటర్ల గొట్టాల మీద కణాలు చక్కగా అతుక్కుని ఎముకవైపు వెళ్ళాయనీ, 50 దాటితే పట్టు తగ్గి, 100 దగ్గర కణాలు చనిపోతున్నాయనీ రాసింది. 2009లో మరో బృందం మానవ మూలకణాలతో, 30 నానోమీటర్ల మీద కణాలు కేవలం అతుక్కున్నాయనీ, 70 నుంచి 100 మధ్య సాగి పొడవై ఎముకవైపు మళ్ళాయనీ రాసింది. ఒకరికి ప్రాణాంతకమైన కొలత మరొకరికి ఎముకకు అనువైన కొలత అయింది. నా అభిప్రాయంలో ఇద్దరూ తాము చూసినదే రాశారు. కణాలు ఏ జీవివి, గొట్టాలను ఎంత వేడిలో కాల్చారు, తయారీలో వాడిన ఫ్లోరైడ్ ఎంత మిగిలింది, దేనితో స్టెరిలైజ్ చేశారు, ఏ సీరం వాడారు అన్న ఒక్కో తేడా ఫలితాన్ని తిప్పివేయగలదు. అందుకే "ఇన్ని నానోమీటర్లు ఎముకకు మంచిది" అని ఒక్క వాక్యంలో రాసిన సమీక్షా వ్యాసాన్ని నేను పక్కన పెట్టేస్తాను.

మీ బంగారం విషయానికి వస్తే, అది కణం లోపలికి వెళుతుంది. కణపొర చుట్టి మింగే ఎండోసైటోసిస్ ద్వారా లోపలికి వెళ్ళి లైసోజోముల్లో (కణపు జీర్ణ సంచుల్లో) చేరుతుంది, అక్కడ దాదాపు కరగకుండా ఉండిపోతుంది. 2010లో వచ్చిన ఒక పని, బంగారు రేణువులు కణానికి యాంత్రిక ఒత్తిడి వంటిది కలిగించి, పీ38 అనే కైనేజ్ (కణంలో సంకేతాలు అందించే ఎంజైమ్) మార్గాన్ని చురుకుపరచి ఎముకవైపు నడకను పెంచి, కొవ్వువైపు నడకను తగ్గించిందని చెప్పింది. మీ ఫలితాన్ని దీనితో ముడిపెట్టాలనుకుంటే ఆ మార్గాన్ని ఆపే మందును ఇచ్చి ప్రభావం పోతుందో లేదో మీరే చూపాలి. ఆ వ్యాసాన్ని ఉటంకించినంత మాత్రాన మీ కణాల్లో అదే జరిగినట్టు కాదు.

కరిగే రేణువుల కథ వేరు. 25 నానోమీటర్ల వ్యాసం, 1 నానోమీటరు మందం ఉన్న లాపొనైట్ బంకమట్టి పలకలు ఎముకవైపు నడిపించే మందులు లేకుండానే మానవ మూలకణాలను అటు మళ్ళించాయని 2013లో ప్రచురితమైంది. కానీ ఆ పలకలు కరిగితే మెగ్నీషియం, లిథియం, సిలికా ఆమ్లం విడుదలవుతాయి, ఆ మూడింటికీ ఎముక కణాల మీద ప్రభావం ఉంది. అప్పుడు పనిచేసింది నానో ఆకారమా, కరిగి వచ్చిన అయాన్లా? అదే గాఢతలో అయాన్లను మాత్రమే ఇచ్చిన కంట్రోల్ లేకుండా దీనికి జవాబు దొరకదు.

ఐరన్ ఆక్సైడ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఎవరూ విభేదనాన్ని మార్చాలనుకోలేదు. ఎంఆర్ఐలో మూలకణాల ఆచూకీ తెలుసుకోవడానికి వాటిని ఫెరిడెక్స్ అనే ఐరన్ ఆక్సైడ్‌తో గుర్తుపెట్టేవారు. 2004లో వచ్చిన ఒక పనిలో, అలా గుర్తుపెట్టిన కణాలు కొవ్వుగానూ ఎముకగానూ మామూలుగానే మారాయి గానీ మృదులాస్థిగా మారడం మాత్రం ఆగిపోయింది. ఆ పరిశోధకులు రేణువును లోపలికి పంపడానికి వాడిన పాలీలైసిన్‌ను విడిగా కూడా పరీక్షించి, అడ్డుపడింది ఐరన్ ఆక్సైడేనని చూపడం నాకు ఎంతో నచ్చిన విషయం. మరుసటి ఏడాది వేరే బృందం అదే రకం రేణువును ప్రోటమీన్ సల్ఫేట్ అనే మరో తోడు రసాయనంతో కలిపి ఇస్తే మృదులాస్థి మామూలుగానే ఏర్పడిందని రాసింది. ఇక్కడ నేర్చుకోవలసింది రెండు. హాని లేదని తేల్చాలంటే ఒక్క దారిని పరీక్షించి ఊరుకోకూడదు, మూడు దారులూ చూడాలి. రేణువుతోపాటు వెళ్ళే తోడు రసాయనం కూడా ప్రయోగంలో భాగమే.

రేణువు మీ మందులను మోసుకువెళుతోందా అన్నది తప్పక చూడండి. గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందపు కార్బన్ పొర) మీద ఎముక విభేదనం ఎందుకు పెరుగుతుందో వెతుకుతూ సింగపూర్ పరిశోధకులు 2011లో ఒక అందమైన వివరణ ఇచ్చారు. డెక్సామెథసోన్, బీటా గ్లిసరోఫాస్ఫేట్ గ్రాఫీన్ ఉపరితలానికి అంటుకుని, కణాల కాళ్ళకింద అవి పోగుపడుతున్నాయి. అంటే కంట్రోల్ వెల్‌కూ గ్రాఫీన్ వెల్‌కూ ఒకే మోతాదు పోసినా కణానికి అందేది ఒకటి కాదు. అదే గ్రాఫీన్ మీద, కొవ్వువైపు నడిపించే ఇన్సులిన్ అంటుకున్నాక తన ఆకృతిని కోల్పోవడంతో కొవ్వు విభేదనం తగ్గింది. గ్రాఫీన్ ఆక్సైడ్ మీద ఇన్సులిన్ చెడకుండా నిలవడంతో ఆ సమస్య రాలేదు. మీ బంగారం కూడా మీడియంలోని చిన్న అణువులను పట్టుకోగలదు. రేణువులను ఒక రాత్రి మీడియంలో ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి తీసేసి, మిగిలిన మీడియాన్ని కణాలకు ఇచ్చి చూడండి. మీడియం బలహీనపడి ఉంటే అది మీకే తెలుస్తుంది.

ఇప్పుడు మీ కొలతలు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ను, ఆ ఎంజైమ్ పనిచేస్తే పుట్టే పారా నైట్రోఫినాల్ పసుపుతో 405 నానోమీటర్ల దగ్గర చదివి ఉంటారు. బంగారానికి 520 దగ్గర శిఖరం ఉంటుందని అందరికీ గుర్తుంటుంది గానీ, 400 దగ్గర కూడా అది గణనీయంగానే కాంతిని పీల్చుకుంటుందని మరిచిపోతారు. కణాలను పగలగొట్టిన ద్రావణంలో బంగారం ఉంటే, ఎంజైమ్ ఏమీ పెరగకపోయినా అంకె పెరుగుతుంది. సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ పనిచేసే పదార్థం) కలపని బ్లాంక్‌ను (అంకె నుంచి తీసేయడానికి పెట్టే నమూనాను) ప్రతి నమూనాకూ విడిగా పెట్టండి, విలువను డీఎన్ఏ పరిమాణంతో భాగించి ఇవ్వండి. ఆలిజరిన్ రెడ్ ఎముకను గుర్తించదు, కాల్షియాన్ని గుర్తిస్తుంది. నేను ఒకసారి హైడ్రాక్సీఅపటైట్ (కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం) రేణువుల పని చేస్తున్నప్పుడు, మూడు వారాల తర్వాత ప్లేటు కడిగి చూస్తే అద్భుతమైన ఎరుపు వచ్చింది. అదే ప్లేటు చివరి వరుసలో కణాలు వేయకుండా రేణువులు మాత్రమే వేసి వదిలేసిన రెండు వెల్స్ ఉన్నాయి. అవి కూడా దాదాపు అంతే ఎర్రగా ఉన్నాయి. ఆ రెండు వెల్స్ లేకపోతే నేను ఒక తప్పు వ్యాసం రాసి ఉండేవాణ్ణి. బంగారంలో కాల్షియం లేదు నిజమే, కానీ బీటా గ్లిసరోఫాస్ఫేట్ నుంచి విడివడిన ఫాస్ఫేట్, కాల్షియంతో కలిసి ఏ కణం ప్రమేయమూ లేకుండా అవక్షేపంగా దిగవచ్చు, ఆ అవక్షేపానికి మీ రేణువులు తొలి గింజలుగా పనిచేయవచ్చు.

ఎండోటాక్సిన్‌ను (బ్యాక్టీరియా గోడ నుంచి వచ్చే విషాన్ని) చాలామంది తేలికగా తీసుకుంటారు. ల్యాబ్‌లో తయారుచేసిన రేణువులను ఫిల్టర్ చేస్తే బ్యాక్టీరియా పోతుంది గానీ దాని గోడ నుంచి వచ్చిన లైపోపాలిశాకరైడ్ పోదు. మూలకణాలకు దాన్ని గుర్తించే టోల్ గ్రాహకాలు ఉన్నాయి, అది ఎముక విభేదనాన్ని కూడా కదిలించగలదు. మా దగ్గర ఒక బ్యాచ్ ఇచ్చిన మంచి ఫలితం, ఎండోటాక్సిన్‌ను పట్టి ఆపే పాలీమిక్సిన్ బీ కలపగానే మాయమైంది. పరీక్ష చేసేటప్పుడు బంగారపు రంగు పరీక్షకు అడ్డుపడవచ్చు కాబట్టి, తెలిసిన మోతాదు ఎండోటాక్సిన్‌ను కలిపి అది సరిగా తిరిగి కనిపిస్తోందో లేదో చూడటం తప్పనిసరి.

ఇంకో సంగతి సూక్ష్మమైనది. ప్లాస్టిక్‌కు అతుక్కుని, సీడీ73, సీడీ90, సీడీ105 అనే ఉపరితల ప్రోటీన్లు చూపే కణాలన్నిటినీ మనం మెసెంకైమల్ మూలకణాలు అంటున్నాం గానీ ఆ గుంపులో అన్నీ ఒకే రకం కావు. కొన్ని ముందే ఎముకవైపు మొగ్గి ఉంటాయి. మీ రేణువులు మిగతావాటిని చంపినా, వాటి విభజనను మందగింపజేసినా, ఎవరూ దిశ మార్చుకోకుండానే సగటు పెరుగుతుంది. 7వ రోజున ఒక్కో వెల్‌లో ఎన్ని కణాలున్నాయో లెక్కపెట్టారా? రెండు గుంపుల మధ్య కణాల సాంద్రతలో తేడా ఉంటే, ఆ సాంద్రతే విభేదనాన్ని మార్చగలదు.

మీ స్థానంలో నేనుంటే ఈ క్రమంలో చేస్తాను. ముందుగా మందులు లేని మామూలు మీడియంలో రేణువులను మాత్రమే ఇచ్చి 21 రోజులు చూస్తాను, దిశ మళ్ళిందా లేదా అన్నది అక్కడే తేలుతుంది. దానితోపాటే అదే పూత, దాదాపు అదే పరిమాణం ఉన్న సిలికా వంటి మరో రేణువును ఒక గుంపుకు, బంగారం లేకుండా పూత ద్రావణాన్ని ఇంకో గుంపుకు ఇస్తాను. కణాలు లేని వెల్స్ ప్రతి ప్లేటులోనూ ఉంటాయి. రంగులతో ఆగకుండా రన్‌ఎక్స్2, ఆస్టెరిక్స్, ఆస్టియోకాల్సిన్ అనే ఎముక విభేదన జన్యువులను 3, 7, 14, 21 రోజుల్లో వరుసగా కొలుస్తాను. ఆస్టియోకాల్సిన్ ఆలస్యంగా వచ్చే గుర్తు కనుక దాన్ని ప్రోటీన్ స్థాయిలో కూడా చూస్తాను. కొవ్వు దారినీ మృదులాస్థి దారినీ వదలను. రిఫరెన్స్ జన్యువు (పోలికకు ఆధారంగా వాడేది) రేణువుల వల్ల మారడం లేదని ముందే సరిచూసుకుంటాను. వీటన్నిటినీ కనీసం ముగ్గురు వేర్వేరు దాతల కణాల్లో చేస్తాను, ఎందుకంటే ఒకే దాత కణాలతో మూడుసార్లు చేస్తే అది ఒక దాత ఫలితమే అవుతుంది.

ఈలోగా వ్యాసం చిత్తుప్రతిలో వాక్యం కావాలంటే ఇలా రాసుకోండి: "సీరం ఉన్న ఆస్టియోజెనిక్ (ఎముకవైపు నడిపించే) మీడియంలో, సిట్రేట్ పూత ఉన్న బంగారు రేణువుల సమక్షంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చర్య, కాల్షియం నిక్షేపం కంట్రోల్ కంటే ఎక్కువగా నమోదయ్యాయి." ఈ మాట కూడా, 405 దగ్గర బ్లాంక్ తీసేసి, డీఎన్ఏతో భాగించి, కణాలు లేని వెల్స్ తెల్లగా మిగిలాయని చూసుకున్న తర్వాతే. మందులు లేని గుంపులో ఏం కనిపించిందో ఇక్కడే నాకు జవాబుగా రాయండి. అక్కడ ఆస్టియోకాల్సిన్ వచ్చిందంటే పీ38ను ఎలా పరీక్షించాలో ప్రోటోకాల్ వివరంగా ఇస్తాను.